ట్రైనింగ్ అయ్యాక ఒక్కొక్కరికీ విడిగా ఫీడ్‌బ్యాక్: "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" కాకుండా ఏం చెప్పాలి?

రాడ్డుపెట్టె (ప్రశ్న)

బేసిక్ ఆర్క్ వెల్డింగ్ బ్యాచ్. 20 మంది నేర్చుకునేవాళ్లు, ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లం. చివర్లో ప్రాక్టికల్ టెస్ట్: 6 మి.మీ. ప్లేట్లు, 300 మి.మీ. పొడవు టీ జాయింట్ (ఒక ప్లేట్ మీద ఇంకోటి నిలువుగా నిలబెట్టి మూల వెంట అతికించడం), 3.15 మి.మీ. రాడ్డు. టెస్ట్ తర్వాత ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుని ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలని ఈసారి నుంచి నియమం పెట్టారు. మనిషికి 15 నిమిషాలు.

ఇప్పుడున్న ఫారంలో "పనితనం, శ్రద్ధ, భద్రత, ప్రవర్తన" అని నాలుగు గళ్లు. ఒక్కోదానికి 5 మార్కులు. అడుగున రిమార్కులకి ఒకే ఒక్క గీత. ఆ గీత మీద ఎవరు రాసినా "బాగుంది, ఇంకా మెరుగుపడాలి" అనే రాస్తారు. అది పట్టుకుని ఇంటికెళ్లినవాడు మర్నాడు రాడ్డు పట్టుకునేటప్పుడు ఏం మార్చుకోవాలి?

తెలిసినవాళ్లు చెప్పండి. ఆ 15 నిమిషాలు ఎలా వాడాలి, కాగితం మీద ఏం రాసివ్వాలి, మార్కులు అప్పుడే చెప్పేయాలా? ముగ్గురం మూడు రకాలుగా మార్కులు వేస్తామన్న గొడవ కూడా ఉంది.

గాగుల్స్ మాస్టారు

ఆ 15 నిమిషాల సంగతి తర్వాత. టెస్ట్ జరుగుతున్నప్పుడు మీ చేతిలో కాగితం ఉందా లేదా అన్నది ముందు తేలాలి. చల్లారిన బీడ్ (అతుకు వెంట గట్టిపడిన లోహపు గీత) చూసి తప్పేమిటో ఎవరైనా చెబుతారు. అది ఎందుకొచ్చిందో చెప్పాలంటే అది పడుతున్నప్పుడు పక్కన ఉండాలి. నేర్చుకునేవాడికి పనికొచ్చేది ఆ "ఎందుకు" ఒక్కటే.

అండర్‌కట్‌నే తీసుకోండి. నిలువు ప్లేట్ వైపు బీడ్ అంచు వెంబడి గాడి పడింది. "అండర్‌కట్ ఎక్కువుంది, చూసుకో" అంటే అతను మొదట చేసే పని కరెంట్ తగ్గించడం. అది తప్పు మందు కావచ్చు. గాడి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చూడండి. జాయింట్ పొడవునా ఒకేలా ఉంటే కరెంట్ ఎక్కువై ఉండొచ్చు, రాడ్డు మొన నిలువు ప్లేట్ వైపు తిరిగి ఉండొచ్చు, చెయ్యి మరీ వేగంగా జరిగి ఉండొచ్చు. అలా కాకుండా ప్రతి రాడ్డూ సగం కాలాక మొదలై, కొత్త రాడ్డు పెట్టగానే మాయమైతే అది ఆర్క్ పొడవు (రాడ్డు మొనకీ ప్లేట్‌కీ మధ్య దూరం) సంగతి. రాడ్డు పొట్టిదవుతున్న కొద్దీ హోల్డర్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగుతూ రావాలి. అతని చెయ్యి మొదట ఉన్న ఎత్తులోనే ఆగిపోతోంది. ప్లేట్ వేడెక్కడం వల్ల వచ్చిన గాడి అయితే కొత్త రాడ్డు పెట్టగానే పోదు కదా. ఇంత చూశాక చెప్పాల్సింది ఒక్క ముక్క: "రాడ్డు సగం దాటాక మోచెయ్యి దించుతూ రండి, ఆర్క్ పొడవు రాడ్డు మందం దాటకూడదు." దీన్ని అతను వెంటనే చేసి చూసుకోగలడు.

కాబట్టి టెస్ట్‌ని పాళీలుగా పెట్టండి. ఒక ఇన్‌స్ట్రక్టర్ ఏకకాలంలో రెండు బూత్‌లు చూడగలడు, అంతకు మించితే చూసినట్టు నటించడమే. మీరు ముగ్గురున్నారు కాబట్టి పాళీకి ఆరుగురు. ఇరవై మందికి నాలుగు పాళీలవుతాయి. రోజు కాస్త సాగుతుంది, తప్పదు. ఒక్కొక్కరిని మూడు ఘట్టాల్లో తప్పకుండా చూడాలి: మొదటిసారి ఆర్క్ కొట్టినప్పుడు, రాడ్డు సగం దాటినప్పుడు, రెండో రాడ్డుతో మళ్లీ అందుకున్నప్పుడు. మిగతా సమయంలో కనబడింది లాభం.

రాసుకునేటప్పుడు కంటికి కనబడింది మాత్రమే రాయండి. "అజాగ్రత్త", "భయపడుతున్నాడు" అన్నవి మీ తీర్పులు. "2వ రాడ్డు, సగం దాటాక ఆర్క్ రెండింతలు, చెయ్యి ఎత్తు మారలేదు" అన్నది చూసిన విషయం. రెండోదానితో ఎవరూ వాదించరు.

ఇక కూర్చోవడం. ఆఫీసు గదిలో టేబుల్‌కి అటొకరు ఇటొకరు కూర్చుంటే అది విచారణలా ఉంటుంది. వర్క్‌షాప్‌లోనే, బెంచ్ దగ్గర, అతని పక్కన నిలబడండి. స్లాగ్ (బీడ్ మీద కట్టే పెంకు) కొట్టి, వైర్ బ్రష్ పట్టి, చల్లారిన అతని పీస్ ముందుండాలి. చేతికి సుద్దముక్క ఇచ్చి, "ఇందులో మీకు బాగా వచ్చిందనిపించిన 50 మి.మీ. ఒకటి, బాగా రాలేదనిపించిన 50 మి.మీ. ఒకటి గీత గీయండి" అని చెప్పి ఊరుకోండి. రెండు మూడు నిమిషాలు మీరు నోరు విప్పకూడదు. ఇన్‌స్ట్రక్టర్లకి అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే.

అతను గీసిన గీతే సగం పని చేసి పెడుతుంది. తప్పున్న చోటే గీస్తే కంటికి తెలుసు, చేతికి రాలేదని అర్థం. అప్పుడు చేతి సంగతే మాట్లాడాలి. బాగున్న చోటుని బాగాలేదని గీస్తే, మంచి బీడ్ ఎలా ఉంటుందో ఇంకా తెలియలేదన్నమాట. అప్పుడు చేతిని సవరించి లాభం లేదు. నమూనా పీస్ పక్కన పెట్టి రెండూ పోల్చి చూపించాలి. ఈ తేడా పట్టుకోకుండా ఇద్దరికీ ఒకే మాట చెప్పడం వల్లే చాలా ఫీడ్‌బ్యాక్ వృథా అవుతుంది.

తర్వాత "ఈ రెండు చోట్లా చెయ్యి ఎలా కదిలింది?" అని అడగండి, ఆ తర్వాతే మీ కాగితంలోది చెప్పండి. మెప్పుకోలు కూడా అంతే కచ్చితంగా ఉండాలి: "రాడ్డు మార్చిన చోట బొడిపె లేదు. క్రేటర్‌కి (పాత రాడ్డు ఆగిన చోటి గుంటకి) కాస్త ముందు ఆర్క్ కొట్టి, వెనక్కొచ్చి గుంట నింపి, అప్పుడు ముందుకు కదిలారు. అదే పద్ధతి ఉంచుకోండి." "శభాష్" అంటే ఏది ఉంచుకోవాలో తెలియదు.

సవరణ ఒక్కటే ఇవ్వండి. నాలుగు తప్పులుంటే మిగతావాటిని తెచ్చిపెడుతున్నది ఏదో దాన్ని పట్టుకోండి. ఆర్క్ పొడవైనవాడికి అండర్‌కట్‌తో పాటు చిటపటలూ ఎక్కువుంటాయి, బీడ్ పలచబడి వెడల్పవుతుంది, పోరోసిటీ (బీడ్‌లో బుడగల రంధ్రాలు) కూడా రావచ్చు. అవి నాలుగు తప్పులుగా కనబడతాయి కానీ మందు ఒక్కటే.

చివరి నాలుగైదు నిమిషాలు మాటలకి వాడకండి. స్క్రాప్ ప్లేట్ మీద ఆ ఒక్క సవరణతో ఒక రాడ్డు కాల్పించండి. ఒక రాడ్డు నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. వచ్చిన తేడా తనే చూసుకుంటాడు. తేడా రాకపోతే మీరు చెప్పిన కారణం తప్పేమో చూసుకోవడానికి మీకూ అవకాశం.

సరితూకం

మార్కుల గొడవకి నా జవాబు.

ముందుగా "శ్రద్ధ", "ప్రవర్తన" గళ్లు కొట్టేయండి. ఒక మనిషి మీద మొత్తంగా మంచి అభిప్రాయం ఉంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని గుణాలన్నిటికీ మంచి మార్కులు పడిపోతాయి. థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త 1920లోనే సైనికాధికారులు వేసిన మార్కులు పరిశీలించి చూపించిన విషయం ఇది. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటున్నాం. మీ ఫారంలో నాలుగు గళ్లున్నా నిజానికి ఉన్నది ఒకటే: "ఈ అబ్బాయి నాకు నచ్చాడా లేదా."

"పనితనం 5కి 3" బదులు కొలవగలిగినవి పెట్టండి. లెగ్ సైజు (మూల నుంచి ఒక్కో ప్లేట్ మీదికి బీడ్ ఎంత దూరం వచ్చిందన్నది) ఫిల్లెట్ గేజ్ అనే కొలత పరికరంతో మూడు చోట్ల కొలిచి, నిలువు లెగ్ ఎంత, అడ్డ లెగ్ ఎంత అని రాయాలి. 0.5 మి.మీ. కంటే లోతైన అండర్‌కట్ 300లో మొత్తం ఎన్ని మి.మీ. ఉంది? చివరి క్రేటర్ నిండిందా లేదా? రీస్టార్ట్ (కొత్త రాడ్డుతో మళ్లీ అందుకున్న చోటు) దగ్గర బొడిపె గానీ గుంట గానీ ఉందా? ఈ నాలుగూ రాస్తే చాలు, పీస్ తన కథ తనే చెబుతుంది. ఉదాహరణకి నిలువు లెగ్ 4, అడ్డ లెగ్ 7 అని పడిందంటే లోహం కిందికి జారిందని గేజే చెప్పేసింది. మీ అభిప్రాయంతో పని లేదు.

ముగ్గురి కొలత ఒకటి కావాలంటే పాత బ్యాచ్ పీసులు నాలుగు తీసుకోండి. పేర్లు తుడిచేసి నంబర్లు వేయండి. ఒకటి బాగున్నది, ఒకటి ఘోరమైనది, రెండు మధ్యరకం. మధ్యరకం దగ్గరే తగువులొస్తాయి కాబట్టి అవి రెండు. ముగ్గురూ మాట్లాడుకోకుండా మార్కులేసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. 5లో 2 మార్కుల తేడా వచ్చిన చోట మనుషుల్ని సర్దుబాటు చేయకండి, గడిలో రాసిన వాక్యాన్ని మార్చండి. గంట పని. టెస్ట్‌కి ముందు రోజు చేసేయొచ్చు.

మార్కులు అప్పుడే చెప్పాలా అన్నారు. ఆ కూర్చున్నప్పుడు మాత్రం వద్దు. రూత్ బట్లర్ 1988లో స్కూలు పిల్లలతో చేసిన ప్రయోగంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు ముందుకెళ్లారు. మార్కులు, వ్యాఖ్యలు కలిపి అందుకున్నవాళ్లకి ఆ లాభం దక్కలేదు. అంకె కనబడగానే "పక్కవాడికెంత?" అన్న ప్రశ్న మొదలవుతుంది, తర్వాత మీరు చెప్పేదేదీ చెవికెక్కదు. ముందు మాట, స్క్రాప్ మీద ప్రయత్నం, ఆ తర్వాత మార్కుల కాగితం విడిగా.

ఇంకొకటి. ఫీడ్‌బ్యాక్ అంటే ఎలా ఇచ్చినా మంచిదే అనుకుంటాం. క్లూగర్, డెనిసి అనే ఇద్దరు 1996లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలు చాలావాటిని కలిపి లెక్కగట్టారు. సగటు చూస్తే పని మెరుగైంది నిజమే, కానీ మూడో వంతుకు పైగా ఫలితాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని దిగజారింది. దృష్టి పని మీద నుంచి "నేనెలాంటివాణ్ణి" అన్నదాని మీదికి మళ్లితే నష్టమని వాళ్ల వివరణ. "మీరు చాలా చురుకైనవారు" అన్నది కూడా ఆ కోవలోకే వస్తుంది, జాగ్రత్త.

నీలి ఆప్రాన్

మాస్టారు గారు చెప్పిన "సవరణ ఒక్కటే" దగ్గర నాకు చిన్న అభ్యంతరం. భద్రతని ఆ లెక్కలో కలపకండి. షీల్డ్ దించకుండా ఆర్క్ కొట్టినా, తడి గ్లవ్‌తో రాడ్డు మార్చినా, కళ్లద్దాలు లేకుండా స్లాగ్ కొట్టినా అక్కడికక్కడ ఆపి చెప్పాల్సిందే. సాయంత్రం చెబుదామని కాగితం మీద రాసుకుంటూ నిలబడితే అది ఇన్‌స్ట్రక్టర్ తప్పు. ఫీడ్‌బ్యాక్ కాగితంలో భద్రతకి మార్కులుండకూడదు, "ఆపి చెప్పింది ఎన్నిసార్లు, దేని గురించి" అన్న గడి ఉండాలి. 5కి 3 భద్రత అంటే అర్థమేమిటి చెప్పండి!

పొగడ్త, విమర్శ, మళ్లీ పొగడ్త అనే వరసని కూడా వదిలేయమంటాను. పెద్దవాళ్లకి ఆ వరస తెలిసిపోయింది. మొదటి పొగడ్త వినగానే "కానీ" ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటారు. పొగడ్త అబద్ధంలా వినబడుతుంది, నెమ్మదస్తులకేమో అసలు విషయం రెండు పొగడ్తల మధ్య కనబడకుండా పోతుంది.

రాసిచ్చే కాగితం అర పేజీ దాటకూడదు. ఇలా:

"నిలుపుకోవాల్సింది: రీస్టార్ట్. క్రేటర్ నింపి ముందుకు కదిలే పద్ధతి.
మార్చుకోవాల్సింది: రాడ్డు సగం దాటాక ఆర్క్ పొడవైపోతోంది. గుర్తు: నిలువు ప్లేట్ వైపు బీడ్ అంచున 120 నుంచి 150 మి.మీ. దాకా, 260 నుంచి 300 దాకా గాడి.
ఎలా: రాడ్డు సగమైందని కనబడగానే మోచెయ్యి ఒంటికి ఆన్చి దించుతూ రావాలి.
ఎంత: రోజుకి 6 రాడ్లు, 150 మి.మీ. టీ జాయింట్లు. వరసగా 3 జాయింట్లలో గాడి లేకపోతే ఇది అయిపోయినట్టు."

చివరి వాక్యం తప్పనిసరి. ఎప్పుడు అయిపోయినట్టో చెప్పకపోతే "ప్రాక్టీస్ చెయ్యి" అన్నదానికీ దీనికీ తేడా లేదు. మూడో వాక్యంలో "ఫలానాది కనబడగానే ఫలానాది చేస్తాను" అన్న రూపం ఉందే, అది కూడా కావాలని పెట్టిందే. సమయం వచ్చినప్పుడు గుర్తుండేది ఆ రూపంలో ఉన్నదే. ఆ వాక్యం మీరు రాయకండి, అతని చేత అతని మాటల్లో రాయించండి.

టెస్ట్ అయిన గంటలోపు కూర్చోబెట్టొద్దు, అప్పటికి అలసిపోయి ఉంటారు. మర్నాడు దాటనివ్వొద్దు కూడా, చెయ్యి ఎలా కదిలిందో మర్చిపోతారు. బయట క్యూ కట్టి నిలబడినవాళ్లకి లోపలి మాట వినబడకుండా చూసుకోండి.

రాడ్డుపెట్టె

చాలా ఉపయోగపడిందండీ. సుద్దముక్క, స్క్రాప్ ప్లేట్ రెండూ పెట్టేస్తున్నాం. ఇంకో నాలుగు రకాల మనుషుల దగ్గర ఇబ్బంది ఉంది: "మెషీన్ బాగాలేదు సార్" అని వాదించేవాడు, దేనికైనా తలూపేవాడు, అందరికంటే బాగా చేసినవాడు, ఫెయిలైనవాడు.

గాగుల్స్ మాస్టారు

మెషీన్ బాగాలేదన్నవాడితో వాదించొద్దు. అతని బూత్‌కే వెళ్లి, నాబ్ ముట్టుకోకుండా, అతని సెట్టింగ్ మీదే మీరొక రాడ్డు కాల్చండి. మీకూ అదే తప్పొస్తే అతను చెప్పింది నిజం, పీస్ మళ్లీ చేయించాలి. రాకపోతే మీరు చెప్పాల్సింది ఏమీ మిగలదు. ఎర్త్ క్లాంప్ వదులుగా ఉండి ఆర్క్ నిలవకపోవడం, రాడ్లు చెమ్మగిల్లి బుడగలు రావడం నిజంగా జరిగేవే. అందుకని అతన్ని సాకులు చెప్పేవాడిగా మొదటే కొట్టిపారేయకండి.

తలూపేవాడిని "అర్థమైందా?" అని అడగకండి, అర్థమైందనే అంటాడు. "నేను కొత్తగా వచ్చినవాణ్ణి అనుకుని ఇప్పుడు నాకు చూపించండి" అని రాడ్డు లేని హోల్డర్ చేతికివ్వండి. చెయ్యి దిగుతుందో లేదో కనబడుతుంది.

బాగా చేసినవాడిని మూడు నిమిషాల్లో పంపేస్తారు చాలామంది, అది అన్యాయం. అతనికీ పదిహేను నిమిషాలు ఇవ్వాలి. ఎందుకు బాగా వచ్చిందో అతనికే తెలియకపోవచ్చు, తెలియనిది పొజిషన్ మారగానే పోతుంది. అదే జాయింట్‌ని నిలువు పొజిషన్‌లో కింది నుంచి పైకి ఒక రాడ్డు కాల్పించండి. అతని తర్వాతి మెట్టు అక్కడ దొరుకుతుంది.

ఫెయిలైనవాడికి ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయండి. మార్కులు తర్వాత అన్న నియమం ఇక్కడ చెల్లదు. పది నిమిషాలు మంచి మాటలు చెప్పి చివర్లో బాంబు పేలిస్తే ఆ మంచి మాటలన్నీ మోసంలా కనబడతాయి. "ఈ పీస్ పాస్ కాలేదు. అండర్‌కట్ పొడవు పరిమితి దాటింది. లెగ్ సైజు, క్రేటర్ సరిపోయాయి. మళ్లీ చేయాల్సింది ఈ ఒక్క జాయింట్, ఫలానా తారీఖున." ఇంత చెప్పి ఆగండి. అతను మాట్లాడేదాకా రెండో వాక్యం వద్దు. ఆ రోజు స్క్రాప్ ప్లేట్ ముట్టుకోనంటే బలవంతం చేయకుండా మర్నాడు పొద్దున రమ్మనండి.

కౌంటర్ నంబర్ 3

నాది చేతిపని కాదు, కస్టమర్లతో మాట్లాడే పని నేర్పించే ట్రైనింగ్. అయినా పద్ధతి అదే. సుద్దముక్క బదులు రికార్డింగ్. మొత్తం వినిపించకుండా రెండు నిమిషాల ముక్క ఎంచుకోవాలి, కస్టమర్ గొంతు మారిన చోటు అయితే మంచిది. "దురుసుగా మాట్లాడారు" అనకుండా "అతను రెండోసారి అడుగుతుండగా మధ్యలో అందుకున్నారు, మూడోసారి అతను గొంతు పెంచాడు" అని చెబితే ఎదుటివాళ్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

రాడ్డుపెట్టె గారూ, ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఇరవై కాగితాలూ పూర్తయ్యాక బెంచ్ మీద పరిచి చూడండి. పదకొండు మందికి ఒకే సవరణ రాసుంటే అది ఆ పదకొండు మంది తప్పు కాదు, మీ కోర్సులో ఆ పాఠం అందలేదని. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మీ లోటుని వాళ్ల లోటుగా చెప్పడం సరికాదు. అందర్నీ ఒకేసారి పిలిచి ఆ పాఠం మళ్లీ చూపించాలి, విడి సమయాన్ని మిగతా విషయానికి వాడుకోవాలి. అందుకే వీలైతే కూర్చోబోయే ముందే కాగితాలు పరచండి.

పనిచేసే చోట సూపర్‌వైజర్‌కి కాపీ పంపాలా అన్నది మీరు అడగలేదు కానీ అడుగుతారు. కొలతలు, పాస్ ఫెయిల్, మార్చుకోవాల్సిన ఆ ఒక్క విషయం పంపొచ్చు, అదీ పంపుతున్నామని అతనికి ముందే చెప్పి. సుద్దతో అతను ఎక్కడ గీశాడు, మాటల్లో ఏం ఒప్పుకున్నాడు అన్నవి పంపకండి. అవి బయటికి వెళ్తాయని తెలిస్తే వచ్చే బ్యాచ్‌లో ఎవరూ నిజం గీయరు.

మూడు నాలుగు వారాలయ్యాక ఒకసారి అడగండి. కొత్త ఫారం అక్కర్లేదు, అదే కాగితం వెనక వైపు "వరసగా 3 జాయింట్లు వచ్చాయా? ఎక్కడ ఆగింది?" అని రెండు ప్రశ్నలు చాలు. ఫొటో పంపమంటే ఇంకా మంచిది, బీడ్‌తో పాటు పక్కన స్కేల్ పెట్టి తీయమనండి.

కాగితం పైన పేరుతో పాటు బూత్ నంబర్, మెషీన్ నంబర్ కూడా రాయించండి. ఒకే తప్పు వచ్చిన పదకొండు మందిలో ఏడుగురు ఒకే మెషీన్ మీద చేసినవాళ్లని తేలితే ముందు పిలవాల్సింది మెకానిక్‌ని.